ఫోన్‌కి రాగి బాకా: కరెంటు లేకుండా శబ్దం పెంచే లోహపు డాక్ తయారీ

దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే రెండు చేతులూ నోటి చుట్టూ దొన్నెలా పట్టి కేకేస్తాం. దానివల్ల ఊపిరితిత్తుల బలం పెరగదు, అయినా కేక ఇంకాస్త దూరం వెళ్తుంది. ఇక్కడ మనం చేయబోయే డాక్ ఫోన్‌కి ఇదే సాయం చేస్తుంది. ఫోన్ నిలబెట్టుకోవడానికి ఒక లోహపు పీట, పీట కింద నుంచి పక్కకు సాగే రాగి గొట్టం, గొట్టం చివర ముందుకూ పైకీ తిరిగిన రేకు బాకా. బ్యాటరీ, సర్క్యూట్, బ్లూటూత్ ఏవీ ఉండవు.

రేకు పని కొత్తవాళ్లు కూడా రెండు మూడు రోజులు ఓపికగా కూర్చుంటే చేయగలిగే పని ఇది. ముందే ఒక మాట. ఇలాంటి డాక్‌లు చేసేవాళ్లు ఎక్కువ శ్రమ బాకా నోటి మీద పెడతారు, ఎందుకంటే కంటికి కనిపించేది అదే. శబ్దం బాగుపడేదీ పాడయ్యేదీ మాత్రం గొంతు దగ్గర, అంటే స్పీకర్ రంధ్రాలు గొట్టాన్ని కలిసే మొదటి కొన్ని సెంటీమీటర్లలో. నేను మొదట చేసిన డాక్‌లో నోరు అందంగా కుదిరింది. ఫోన్ కింద మాత్రం ఒక చిన్న పెట్టెలాంటి ఖాళీ వదిలాను. పాట పెడితే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించింది. ఆ ఖాళీ తీసేశాక అదే బాకా వేరే వస్తువులా పలికింది.

బాకా ఎందుకు పనిచేస్తుంది

ఫోన్ స్పీకర్ పొర చాలా చిన్నది. అది కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకోకుండా పక్కలకు జారిపోతుంది, కాబట్టి పొర చేసిన పనిలో శబ్దంగా మారేది కొంచెమే. అదే పొర ముందు సన్నని గొట్టం ఉంటే గాలికి పక్కకు పోయే దారి ఉండదు, ఒత్తిడి నిలబడుతుంది. ఆ ఒత్తిడిని బయటి గాలికి మెల్లగా అప్పజెప్పడానికే గొట్టం క్రమంగా వెడల్పు కావాలి. ఒక్కసారిగా వెడల్పయితే శబ్దం అక్కడ తగిలి కొంత వెనక్కి తిరిగి వస్తుంది.

అన్నింటికంటే నమ్మకమైన ఆకారం ఎక్స్‌పొనెన్షియల్ బాకా. సమానమైన పొడవు దాటిన ప్రతిసారీ వ్యాసం అదే రెట్టు పెరగడం దీని లక్షణం. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో బాకాల గణితాన్ని ప్రచురించాడు. 1925లో విక్టర్ కంపెనీ తెచ్చిన ఆర్థోఫోనిక్ విక్ట్రోలా గ్రామఫోన్‌లో మడతపెట్టిన ఎక్స్‌పొనెన్షియల్ బాకా ఉండేది. మనం చేసేది దానికి చిన్న చుట్టం.

మన బాకాకు లెక్క సులువుగా పెట్టుకుందాం: ప్రతి 100 మిల్లీమీటర్లకు వ్యాసం రెట్టింపు. గొంతు దగ్గర 15 మి.మీ.తో మొదలై 30, 60, 120 అవుతుంది. ఆ తర్వాత మరో 41.5 మి.మీ. సాగి 160 దగ్గర ఆగుతుంది. ఈ రేటుతో పెరిగే బాకాకు కటాఫ్ సుమారు 380 హెర్ట్జ్, అంటే అంతకంటే తక్కువ స్వరాలకు బాకా సాయం చేయదు. నోటి చుట్టుకొలత కూడా చూడాలి. 160 మి.మీ. నోటికి చుట్టుకొలత 503 మి.మీ. శబ్ద తరంగం పొడవు అంతే అయ్యేది 680 హెర్ట్జ్ దగ్గర. కాబట్టి 700 పైన బాకా నిండుగా పనిచేస్తుంది, 380 నుంచి 700 మధ్య కొంత ఎగుడుదిగుడుగా పనిచేస్తుంది. మాట స్పష్టతకు కావలసిన భాగమంతా దాదాపు 380 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. మాటలు, గాత్రం, వేణువు, వయొలిన్ చక్కగా ముందుకొస్తాయి. డప్పు గుండెల్లో మోగడం మాత్రం ఆశించకండి, అంత తక్కువ స్వరాలు ఫోన్ స్పీకరే పలకదు.

మరింత కింది స్వరాలు కావాలనుకునేవాళ్లు రెట్టింపుకు పట్టే పొడవును 100 బదులు 150 మి.మీ. చేసుకోవచ్చు. అప్పుడు కటాఫ్ 250 హెర్ట్జ్‌కు దిగుతుంది. దానికి తగ్గట్టు నోరు కూడా బాగా పెద్దది కావాలి, బల్ల మీద చోటూ కావాలి. మొదటిసారికి 100 చాలు.

ముందు మీ ఫోన్‌ని చదవండి

పాట పెట్టి, ఫోన్ అడుగు అంచున ఉన్న రంధ్రాలను ఒక్కొక్క వైపు వేలితో మూసి చూడండి. ఏ వైపు మూస్తే శబ్దం పడిపోతుందో అదే స్పీకర్. చార్జింగ్ పోర్ట్‌కు రెండు వైపులా రంధ్రాలున్నా చాలా ఫోన్లలో ఒక వైపువి మైక్‌కి మాత్రమే. ఇది చూడకుండా రంధ్రం చేస్తే తప్పు వైపు గొట్టం బిగించినట్టే.

తర్వాత అడుగు అంచు మీద పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. పోర్ట్, స్పీకర్ రంధ్రాల అచ్చు కాగితం మీద పడుతుంది. అదే మీ టెంప్లేట్. ఫోన్‌ని కవర్‌తో వాడతారో, కవర్ తీసి వాడతారో ఇప్పుడే నిర్ణయించుకోండి, ఎందుకంటే రెండింటికీ మందం వేరు, రంధ్రాల చోటూ కొద్దిగా జరుగుతుంది. ఈ గైడ్‌లో స్పీకర్ పోర్ట్‌కు కుడివైపు ఉందని అనుకుంటున్నాను. ఎడమవైపుంటే అన్నీ అద్దంలోలా తిప్పుకోండి.

చాలా ఫోన్లు చెవి దగ్గరి స్పీకర్‌ను రెండో స్పీకర్‌గా వాడుకుని స్టీరియో పలికిస్తాయి. బాకాలోకి వెళ్లేది కింది స్పీకర్ శబ్దం మాత్రమే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే మోనో ఆడియో ఆన్ చేస్తే పాటలో సగం పోకుండా ఉంటుంది.

కావలసినవి

బాకాకు 0.4 మి.మీ. మందం రాగి రేకు, 400 × 450 మి.మీ. ముక్క ఒకటి. ఇత్తడి కూడా బాగుంటుంది కానీ రాగి మెత్తన, మొదటిసారి చేసేవాళ్లను క్షమిస్తుంది. అల్యూమినియం రేకుకు మామూలు టంకం పట్టదు. జింకు పూత పూసిన రేకును మంట దగ్గరికి తేవద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

గొట్టానికి 15 మి.మీ. రాగి పైపు సుమారు 150 మి.మీ. పొడవు, అదే సైజు 90 డిగ్రీల ఎల్బోలు (పైపు వంపు ముక్కలు) రెండు. పీటకు 100 × 60 × 2 మి.మీ. ఇత్తడి పలక. ఫోన్ వీపు ఆనడానికి 50 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం ఇత్తడి పట్టీ. అడుగుకు 200 × 150 × 5 మి.మీ. ఉక్కు పలక, ఇదొక్కటే కిలోకు పైగా తూగుతుంది. బాకా అంతా కలిపి 300 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ బరువు ముందుకు వాలినా డాక్ పడిపోదు. ఇంకా 60 మి.మీ. పొడవు ఎం4 (4 మి.మీ. స్క్రూ పట్టే) పిల్లర్లు నాలుగు, స్క్రూలు, 2 మి.మీ. రాగి తీగ, 3 మి.మీ. మందం సిలికాన్ లేదా మూసిన రంధ్రాల ఫోమ్ షీటు, టెఫ్లాన్ టేప్.

టంకం సీసం లేనిది తీసుకోండి. రోజూ చేత్తో ముట్టుకునే వస్తువు ఇది. తగరం 99.3, రాగి 0.7 శాతం ఉండే రకం 227 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ కనీసం 80 వాట్లది ఉండాలి. సర్క్యూట్ బోర్డులకు వాడే 25 వాట్ల ఐరన్ పెడితే రాగి ఆ వేడినంతా లాగేసుకుంటుంది, టంకం ముద్దలా నిలిచిపోతుంది. పైపు అతుకులకు చిన్న బ్లో టార్చ్ కావాలి. మిగతావి రేకు కత్తెర, కర్ర సుత్తి, ఆకురాయి, డ్రిల్, బిగించడానికి వైస్.

రేకు మీద గీత

పని మొత్తంలో మెదడు పెట్టాల్సిన చోటు ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. బాకాను నాలుగు శంకువు ముక్కలుగా చేస్తాం. ఒక్కో ముక్క విప్పి పరిస్తే విసనకర్ర ఆకారం: లోపల ఒక చిన్న చాపం, బయట ఒక పెద్ద చాపం, రెండింటికీ ఒకే కేంద్రం.

వ్యాసం సరిగ్గా రెట్టింపయ్యే ముక్కల్లో ఒక చక్కని సౌకర్యం ఉంది. లోపలి వ్యాసార్థం ముక్క వాలు పొడవుకు సమానం, బయటి వ్యాసార్థం దానికి రెట్టింపు. మొదటి మూడు ముక్కలూ ఇలాంటివే. కొలతలన్నీ మిల్లీమీటర్లలో:

మొదటి ముక్క (15 నుంచి 30): లోపలి వ్యాసార్థం 100.3, బయటిది 200.6, కోణం 26.9 డిగ్రీలు, బయటి చాపం పొడవు 94.2.
రెండో ముక్క (30 నుంచి 60): 101.1, 202.2, కోణం 53.4 డిగ్రీలు, చాపం 188.5.
మూడో ముక్క (60 నుంచి 120): 104.4, 208.8, కోణం 103.4 డిగ్రీలు, చాపం 377.
నాలుగో ముక్క (120 నుంచి 160): 138.2, 184.3, కోణం 156.3 డిగ్రీలు, చాపం 502.7.

ఇంత పెద్ద చాపాలకు స్కూల్ కంపాస్ చాలదు. సన్నని చెక్క పట్టీకి ఒక చివర మేకు, కొలిచిన దూరంలో రంధ్రం చేసి పెన్సిల్ పెడితే సరిపోతుంది. కోణమానినిని పూర్తిగా నమ్మకండి. పెద్ద వ్యాసార్థం మీద అర డిగ్రీ తేడా కూడా దాదాపు రెండు మిల్లీమీటర్లవుతుంది. కోణం గీశాక బయటి చాపం మీద దారం పరిచి పొడవు కొలవండి. పైన ఇచ్చిన చాపం పొడవుతో సరిపోవాలి. సరిపోకపోతే దారం కొలతనే నమ్మండి.

ప్రతి ముక్కకూ ఒక పక్క నిలువు అంచున అతుకు కోసం 6 మి.మీ. ఎక్కువ వదలండి. మొదటి మూడు ముక్కలకు బయటి చాపం వైపు ఇంకో 5 మి.మీ. కలపండి. దీని అవసరం కూర్పు దగ్గర తెలుస్తుంది. నాలుగో ముక్కకు ఇది అక్కర్లేదు.

ఇప్పుడే రేకు కోయకండి. ఇవే ముక్కలు మందపాటి చార్ట్ పేపర్‌తో కోసి, టేప్ అంటించి బాకా చేయండి. గంట పని. దాని గొంతును ఫోన్ స్పీకర్‌కు చేత్తో గట్టిగా ఆనించి పాట పెట్టండి. కాగితం బాకాయే మీకు గదిని నింపి వినిపిస్తుంది. గీతలో తప్పుంటే కాగితం దగ్గరే బయటపడుతుంది. ఈ కాగితం ముక్కలే తర్వాత రేకు మీద పెట్టి గీసుకునే అచ్చులు.

కోయడం, చుట్టడం

రేకు అంచు బ్లేడులాంటిది. కోసేటప్పుడు మందపాటి చేతి తొడుగులు వేసుకోండి, కోసిన వెంటనే అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. డ్రిల్ వాడేటప్పుడు మాత్రం తొడుగులు తీసేయాలి, తిరిగే డ్రిల్ తొడుగును పట్టి చేతిని లాగేస్తుంది.

రేకు గట్టిగా అనిపిస్తే ముందు దాన్ని మెత్తబరచండి. బ్లో టార్చ్‌తో మసక ఎరుపు వచ్చేదాకా వేడి చేసి నీళ్లలో ముంచితే చాలు. ఉక్కు ఇలా చల్లారిస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొరను సాండ్ పేపర్‌తో తీసేయాలి, లేకపోతే టంకం పట్టదు.

మొదటి ముక్క చాలా సన్నది కాబట్టి 12 మి.మీ. ఇనుప కడ్డీ మీద చుట్టండి. ఒక్కసారిగా వంచొద్దు. కడ్డీని వైస్‌లో బిగించి, రేకును కొద్దికొద్దిగా జరుపుతూ బొటనవేళ్లతో ఒత్తుతూ పోవాలి. సన్నని చివర ఎక్కువ ఒత్తు, వెడల్పు చివర తక్కువ. మిగతా ముక్కలకు పైపు ముక్కలు, సీసాలు, చెక్క దూలం అంచు, ఏది గుండ్రంగా ఉంటే అది. సుత్తి వాడాల్సి వస్తే కర్ర సుత్తే. ఇనుప సుత్తి ప్రతి దెబ్బకూ రేకును సాగదీస్తుంది, సాగిన చోట సొట్ట శాశ్వతం.

చుట్టిన ముక్క అతుకు అంచులు ఆరు మిల్లీమీటర్లు ఒకదాని మీదొకటి ఎక్కేలా బిగించి, రెండు చివర్లా ఒక్కో చిన్న రాగి రివెట్ వేయండి. పక్క అతుకుకు టంకం పెట్టేటప్పుడు ఆ వేడికి ఇది విడిపోకుండా రివెట్లు పట్టి ఉంచుతాయి.

టంకం

టంకం విషయంలో తప్పులన్నీ రెండే కారణాల వల్ల వస్తాయి: మురికి, చాలని వేడి. అతుకు రెండు ముఖాలనూ మెరిసేదాకా రుద్ది, మళ్లీ వేలు తగలకుండా ఫ్లక్స్ (టంకం బాగా పట్టడానికి పూసే పేస్టు) పూయండి. ఐరన్ మొనను కాదు, దాని పక్క చెంపను రేకుకు ఆనించండి, వేడి బాగా దిగుతుంది. టంకం తీగను ఐరన్‌కు కాకుండా రేకుకు తాకించండి. రేకే కరిగించుకుంటే వేడి సరిపోయినట్టు. కరిగిన టంకం అతుకు లోపలికి తనంతట తానే పాకుతుంది, మనం నెట్టాల్సిన పని లేదు. గాలి ఆడే చోట పని చేయండి, ఫ్లక్స్ పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది.

నిలువు అతుకులు నాలుగూ అయ్యాక ముక్కలను కలపాలి. ఎక్కువగా వదిలిన ఆ 5 మి.మీ. ఇప్పుడు పనికొస్తుంది. రెండో ముక్కను వెడల్పు నోరు పైకి ఉండేలా పట్టుకుని, మొదటి ముక్కను సన్నని చివర కిందికి ఉండేలా లోపలికి జారవిడవండి. కింద నుంచి బయటికొచ్చిన కొనను పట్టి మెల్లగా లాగితే వెడల్పు చివర రెండో ముక్క గొంతులో బిగుసుకుంటుంది. కొలతలు సరిగ్గా ఉంటే అది నడిమధ్యలోనే నిలుస్తుంది, క్లాంపులు అక్కర్లేదు. బయట కనిపించే కలయిక చుట్టూ టంకం పారించండి. ఇలాగే ఈ జంటను మూడో దానిలో, ఆ మూడింటినీ నాలుగో దానిలో. ఇలా కూర్చితే లోపలి మెట్టు చిన్నదే, అదీ శబ్దం వెళ్లే దిశలోనే వెడల్పవుతుంది కాబట్టి బాధ లేదు. ప్రతిసారీ పాత అతుకు మీద తడి గుడ్డ చుట్టండి.

నోటి అంచుకు 2 మి.మీ. రాగి తీగను వలయంగా వంచి బయటి వైపు టంకంతో అతికించండి. చేయి కోసుకోకుండా ఉండడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం, రేకు అంచు వణకడం ఆగుతుంది. తీగ లేని నోరు కొన్ని స్వరాల దగ్గర జిమ్మని మోగుతుంది.

అంతా అయ్యాక వేడినీళ్లలో వంటసోడా కలిపి లోపలా బయటా కడగండి. ఫ్లక్స్ మిగిలితే కొన్ని వారాల్లో రాగి మీద పచ్చటి మచ్చలు తేలతాయి.

పీట, గొంతు

ఇత్తడి పలక మీద కాగితం టెంప్లేట్ అంటించండి. స్పీకర్ రంధ్రాల కింద 14 × 6 మి.మీ. గుండ్రని చివర్ల చీలిక చేయాలి. పోర్ట్ కింద మీ కేబుల్ తల దూరేంత చీలిక కావాలి. కేబుల్ తలను కొలిచి అర మిల్లీమీటరు ఎక్కువ పెట్టండి. తల పీటనూ, పీట మీది ప్యాడునూ దాటి పైకి రావాలి, లేకపోతే ప్లగ్ పోర్ట్‌లో పూర్తిగా కూర్చోదు. వరుసగా చిన్న రంధ్రాలు వేసి ఆకురాయితో కలిపితే చీలిక అవుతుంది. పలకను రెండు చెక్కల మధ్య బిగించి డ్రిల్ చేయండి, వట్టి పలక డ్రిల్‌తో పాటు గిర్రున తిరుగుతుంది.

మొదటి ఎల్బో ఒక నోటి అంచును చదునుగా రాకి, పీట అడుగున స్పీకర్ చీలిక చుట్టూ నిలబెట్టి టంకం పెట్టండి. రెండో నోరు కుడివైపు చూడాలి. అందులో 60 మి.మీ. పైపు, దాని చివర రెండో ఎల్బో. ఈ ఎల్బోను ముందుకూ పైకీ సగం సగం, అంటే 45 డిగ్రీలు తిప్పి టంకం పెట్టండి. అందులో 30 మి.మీ. పైపు ముక్క. బాకా దీనికి తొడుగుతుంది. ఈ అతుకులన్నీ బ్లో టార్చ్‌తో, రేకు బాకా దూరంగా ఉన్నప్పుడే చేయాలి.

ఇంత సన్నని గొట్టం ఎందుకు, ఫోన్ కింద కాస్త విశాలమైన గది ఉంటే శబ్దం హాయిగా పోదా అని అనిపించవచ్చు. నేను మొదట చేసిన తప్పు అదే. స్పీకర్‌కూ గొంతుకూ మధ్య ఖాళీ గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. వేగంగా కదిలే పై స్వరాలు ఆ స్ప్రింగును నొక్కడంలోనే ఆరిపోతాయి. మన పైపు లోపలి వ్యాసం సుమారు 13.6 మి.మీ. దీనికి లెక్క వేస్తే 10 ఘనపు సెంటీమీటర్ల ఖాళీ 800 హెర్ట్జ్ నుంచే స్వరాలను తగ్గించడం మొదలుపెడుతుంది. ఖాళీ ఒక్క ఘనపు సెంటీమీటరే అయితే ఆ హద్దు 8,000 హెర్ట్జ్‌కు పోతుంది. మన చీలిక, ప్యాడు మందం కలిపినా అర ఘనపు సెంటీమీటరు దాటదు. మీరు వేరే డిజైన్ చేసుకుంటే, ఫోన్ లేకుండా ఆ ఖాళీని మందుల సిరంజితో నీళ్లు పోసి కొలవండి. మిల్లీలీటరు అంటే ఘనపు సెంటీమీటరే.

వంపుల గురించి భయం అక్కర్లేదు. గొట్టం సన్నగా ఉన్నచోట శబ్దం ఎల్బోలో సులువుగా తిరుగుతుంది. బాకా వెడల్పయ్యాక వంచితేనే పై స్వరాలు గోడకు కొట్టుకుని చెదిరిపోతాయి. అందుకే వంపులన్నీ గొంతు వైపే పెట్టాం. అయితే ఒకే వ్యాసంతో సాగే ఈ పైపును అవసరం మించి పొడిగించకండి, వేణువులా తన సొంత స్వరం కలుపుతుంది.

పీట మీద సిలికాన్ ప్యాడు అంటించి, రెండు చీలికలకూ సరిగ్గా కోయండి. ఇత్తడి పట్టీని 102 డిగ్రీలు వంచి ఫోన్ వీపుకు ఆనుగా పీట మీద స్క్రూలతో బిగించండి, అంటే ఫోన్ నిట్టనిలువుకు 12 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఆ వాలు వల్ల ఫోన్ అడుగున ఒక అంచు వైపు ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా సందు వస్తుంది, మెత్తని ప్యాడు నొక్కుకుని దాన్ని మూయాలి. ఫోన్ ముందుకు జారకుండా చిన్న ఎల్ ఆకారపు పట్టీ ముందు బిగించండి. అది ఫోన్‌ని వీపుకు కొద్దిగా అదిమేలా ఉండాలి.

వీపు పట్టీని ఫోన్ అంత వెడల్పు, ఎత్తు చేయాలనే కోరిక కలుగుతుంది, వద్దు. వెనక పెద్ద లోహపు పలక ఉంటే సిగ్నల్ తగ్గవచ్చు, వైర్‌లెస్ చార్జింగ్ అయితే అసలు పనిచేయదు. 110 మి.మీ. ఎత్తు చాలు.

బిగింపు

పిల్లర్లను ఉక్కు పలక వెనక అంచుకు 60 మి.మీ. దూరంలో బిగించండి, ముందు వైపు బాకా వాలే చోటు ఉంటుంది. అడుగున రబ్బరు బొడిపెలు అంటించండి, లేకపోతే బల్ల కూడా పాడుతుంది. బాకాను పైపుకు టంకం పెట్టకండి. పైపు చివర రెండు చుట్లు టెఫ్లాన్ టేప్ చుట్టి బిగువుగా తొడగండి. దూరకపోతే బాకా కొనను ఆకురాయితో కొద్దికొద్దిగా రాకుతూ సరిచేయండి. ఇలా చేస్తే గాలి కారదు, కావలసినప్పుడు తీసి దుమ్ము తుడవచ్చు.

మెరుగు మీ ఇష్టం. మెటల్ పాలిష్ రుద్ది పైన పారదర్శకమైన లక్క పూస్తే రాగి చాలాకాలం ఎర్రగా ఉంటుంది. పూయకుండా వదిలేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది. నాకు అదే ఇష్టం.

విని సరిచేయడం

ఫోన్ వాల్యూమ్‌ను నాలుగింట మూడొంతులు పెట్టి మొదలుపెట్టండి. పూర్తిగా పెడితే చిన్న స్పీకరే గరగరమంటుంది, బాకా ఆ గరగరను కూడా నమ్మకంగా పెంచుతుంది. ఇంకో ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసి రెండు మీటర్ల దూరంలో పెట్టండి. అదే పాట, అదే వాల్యూమ్, ఒకసారి డాక్ మీద, ఒకసారి బల్ల మీద. ఆరు డెసిబెల్స్ తేడా అంటే ధ్వని పీడనం రెట్టింపు. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే పది దాకా కావాలి.

అసలు తేడా లేకపోతే చీలిక స్పీకర్ కింద లేదన్నమాట, లేదా ప్యాడు దగ్గర గాలి కారుతోంది. ఫోన్‌ని చేత్తో కిందికి నొక్కి చూడండి. నొక్కగానే శబ్దం పెరిగితే దోషం ప్యాడుదే, మందం పెంచండి. డబ్బాలోంచి మాట్లాడినట్టుంటే గొంతులో ఖాళీ ఎక్కువైంది, లేదా పైపు పొడవు. ఒక్కో స్వరం దగ్గర జిమ్మంటే బాకాను అక్కడక్కడా వేలితో ముట్టుకుంటూ పోండి. ఎక్కడ ముట్టుకుంటే మోత ఆగుతుందో అక్కడ అతుకు వదిలింది, లేదా రేకు పలుచబడింది. అతుకైతే మళ్లీ టంకం, రేకైతే బయట ఒక ఫెల్ట్ ముక్క. పీట కింద కేబుల్ గొట్టానికి తగులుతూ గిరగిరమనడం కూడా మామూలే, దాన్ని పిల్లర్‌కు కట్టేయండి.

కాల్స్ మాత్రం డాక్ మీద స్పీకర్‌ఫోన్‌లో మాట్లాడకండి. అడుగు మైక్ ప్యాడు కింద మూసుకుపోయి అవతలివాళ్లకు మీ గొంతు మసకగా చేరుతుంది. మైక్ రంధ్రం ఉన్నచోట కూడా ప్యాడులో చిన్న గాడి కోస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. అయితే ఆ గాడి స్పీకర్ చీలికను తాకకూడదు. రెండింటి మధ్య కనీసం నాలుగు మిల్లీమీటర్ల సిలికాన్ మిగిలేలా చూసుకోండి.